మా మేడ మీది మాదాపూర్

ఆ సినిమాలో హీరోయిన్ హైదరాబాదులో, మాదాపూర్‌లో అద్దెకుంటుంది. పొద్దున్నే లేచి నీలంరంగు కిటికీ తలుపులు బార్లా తీసి, ఒళ్లు విరుచుకుని, ఎదురుగా కనపడే అద్దాల మేడల్ని చూసి నవ్వుతుంది. ఆ కిటికీ నాది. నరసరావుపేట బరంపేటలో మా మేడ మీది వాటా కిటికీ. ఆ అమ్మాయి చూసి నవ్వింది మేడల్ని కాదు, కిటికీ అవతల కట్టిన పచ్చగుడ్డని. ఆ గుడ్డ తీసేస్తే కనపడేది మిరపకాయల గోడౌను, దాని వెనక నీళ్ల ట్యాంకు, ఇంకా దూరంగా కోటప్పకొండ. మూడు శిఖరాల కొండని కంప్యూటర్లో తుడిచేసి ఆ చోట సాఫ్ట్‌వేర్ ఆఫీసులు నిలబెట్టారు. త్రికోటేశ్వరుడు ఏమనుకున్నాడో గానీ నాకైతే నవ్వొచ్చింది.

సినిమా పేరు ఇంగ్లీషులో ఉంటుంది. నాకు నోరు తిరగదు కాబట్టి రాయను. అదేమంత గొప్ప కథ కూడా కాదు. ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేస్తారు, ఒకరినొకరు చూసి మూతి ముడుచుకుంటారు, చివర్లో ముడి విప్పుకుంటారు. మధ్యలో బోలెడు కాఫీలు తాగుతారు.

నా పేరు వెంకటప్పయ్య. కింది వాటా ముందు గదిలో మోటార్ల వైండింగ్ షాపు నాది. ముప్పై నాలుగేళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల బోరు మోటార్లన్నీ నా చేతుల్లోంచే పోయాయి. చేత్తో ఒక్కసారి తిప్పి శబ్దం వింటే చాలు, బేరింగు పోయిందో బుష్షు అరిగిందో చెప్పేస్తాను. నా భార్య అంకమ్మ చనిపోయి మూడేళ్లయింది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో నేనొక్కణ్ణే.

ఆ సినిమాతో నాకున్న పనల్లా గంటా పన్నెండో నిమిషంతోనే. హీరో ఆ మేడ మీది గదిలో నిలబడి, మనసులో మాట చెప్పలేక గుటకలు మింగుతుంటాడు. హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి వాడు ఎప్పుడు చెబుతాడా అని చూస్తుంటుంది. పాట లేదు, వాయిద్యం లేదు. అప్పుడు వెనక ఎక్కడి నుంచో, మెట్ల కింది నుంచి, సన్నగా ఒక ఆడగొంతు వినపడుతుంది.

"ఏమయ్యో! అన్నం చల్లారిపోతంది, దిగిరా!"

ఆ గొంతు అంకమ్మది. ముప్పై ఒక్క ఏళ్లు నాతో కాపురం చేసిన మనిషి గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ నాలుగు మాటలే అనుకునేవాణ్ణి. ఫొటోలు ఉన్నాయి, లేక కాదు. ఫొటో మాట్లాడదు. చుట్టాల పెళ్లి వీడియోలు మూడింటిలో ఉంది. మూడింటిలోనూ ఆమె పెదాలు ఆడుతుంటాయి, పైన మాత్రం సినిమా పాటలు మోగుతుంటాయి. ఆమె వాడింది బటన్ల ఫోను. అందులో ఏదీ రికార్డు కాలేదు.

ఆ మాటలు సినిమాలో ఎట్లా పడ్డాయో చెప్పాలి. చెబితే నా గురించి మంచిగా ఏమీ ఉండదు. అయినా చెబుతాను.

ఐదేళ్ల కిందటి సంగతి. డైరెక్టరు మా పేట కుర్రాడే. బయటి సీన్లన్నీ హైదరాబాదులోనే తీసుకున్నాడు. నెక్లెస్ రోడ్డు మీద బెంచీ, మెట్రో స్టేషన్ మెట్లు, జూబిలీ హిల్స్‌లో కాఫీ హోటలు. హీరోయిన్ గది మాత్రం దొరకలేదట. ఏ అపార్ట్‌మెంటుకి పోయినా అసోసియేషన్ వాళ్లు వీల్లేదన్నారట. తిరిగి తిరిగి చివరికి సొంత ఊరు గుర్తొచ్చింది. మా మేడ మీది వాటా అప్పట్లో ఖాళీగా ఉంది. పన్నెండు రోజులు కావాలన్నాడు. నేను ఎగిరి గంతేశాను.

మామూలుగా మన సినిమాల్లో మాటలు తర్వాత డబ్బింగులో చెప్పిస్తారు. వీళ్లది ఆ పద్ధతి కాదు. నటించేటప్పుడు ఏ మాట వస్తే ఆ మాటనే అక్కడికక్కడ పట్టుకుంటారు. దానికోసం ఎలీషా అని గురజాల మనిషి వచ్చాడు. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర ఉడత తోక లాంటి బొచ్చు మైకు. అతను ఇంట్లోకి రాగానే చేసిన మొదటి పని మా ఫ్రిజ్జు ఆపేయటం. రెండో పని తన బండి తాళాలు ఆ ఫ్రిజ్జులో పెట్టటం. ఎందుకయ్యా అంటే, సాయంత్రం పోయేటప్పుడు తాళాలు వెతుక్కుంటూ ఫ్రిజ్జు తెరుస్తాను, అప్పుడు మళ్లీ ఆన్ చేయటం మర్చిపోను అన్నాడు. వినికిడితో బతికే మనుషులు నాకు నచ్చుతారు. మేమిద్దరం వెంటనే కలిసిపోయాం.

అతని బాధ నిశ్శబ్దం కోసం. ఆ బాధ్యత నా మీద పడింది. పడిందేమిటి, నేనే మీద వేసుకున్నాను. షాపు మూసేశాను. పక్కింటి కుల్సుం కారం మరని బతిమాలి ఆపించాను. గోడౌను ముందు లారీల వాళ్లతో హారను కొట్టొద్దని దెబ్బలాడాను. వీధిలో కుక్క మొరిగితే పరిగెత్తాను. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషికి ఏదో పదవి వచ్చినట్టయింది.

ఇక మిగిలింది అంకమ్మ నోరు. అది కుల్సుం మర కంటే గట్టిది. అంకమ్మ మనుషులతోనే కాదు, పొయ్యితో మాట్లాడేది, కుళాయితో మాట్లాడేది, గోడ మీది బల్లిని మందలించేది. పప్పు ఉడకకపోతే పప్పునే అడిగేది, నీకేం తక్కువ చేశానే అని. నిద్రలో తప్ప ఆగేది కాదు, అది కూడా అనుమానమే. అట్లాంటి మనిషిని పన్నెండు రోజులు నేను నోరెత్తనివ్వలేదు.

"ఒసే, నోరు మూసుకో. నీ గొంతు గానీ అందులో పడిందంటే వాళ్ల హైదరాబాదు కాస్తా పల్నాడైపోద్ది" అనేవాణ్ణి.

"అయితే అవనీ. నా ఇంట్లో నేను మాట్టాడగూడదా? ఇదేం చోద్యమయ్యా?" అనేది.

"పన్నెండు రోజులే. తర్వాత జన్మంతా మాట్టాడుకో."

జన్మంతా అన్నాను. ఆమెకి ఇంక రెండేళ్లే మిగిలిందని అప్పుడు నాకేం తెలుసు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, మధ్యాహ్నం రెండయింది. నేను మేడ మీద తలుపు పక్కన నిలబడి హీరో గుటకలు మింగటం చూస్తున్నాను. పొద్దుటి నుంచి ఆ కుర్రాడికి కన్నీళ్లు రావటం లేదు. అప్పుడే వచ్చాయి. సరిగ్గా అప్పుడే కింది నుంచి అంకమ్మ కేక. ఎలీషా కళ్లు మూసుకున్నాడు. డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత ఆరుసార్లు తీశారు. ఏడవటం ఒక్కసారే కుదిరింది కాబట్టి, సినిమాలో అంకమ్మ కేక ఉన్న ముక్కే పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం నేను ఆమెను అందరి ముందూ తిట్టాను. "నీ అరుపుతో నా పరువు తీశావే, మొద్దుదానా" అన్నాను. ఆమె పోయి పొద్దుటి గిన్నెలు కడుక్కుంది. ఆ రాత్రి గిన్నెలతో కూడా మాట్లాడలేదు. నాకు ఆకలి వేస్తుందేమోనని పిలిచిన మనిషిని తిట్టానని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. అప్పుడు నేను సినిమావాణ్ణి.

మరుసటి ఏడు సినిమా వచ్చింది. మా పేట హాల్లోనే ఇద్దరం పోయి చూశాం. ఆ కేక వినపడగానే అంకమ్మ మోచేత్తో నా డొక్కలో పొడిచింది. "విన్నావా? హీరోయిన్ పక్కన నేనూ ఉన్నా" అంది. వారం రోజులు బజారంతా తిరిగి చెప్పుకుంది. కూరగాయల బండివాడికి కూడా చెప్పింది. తిట్టినందుకు నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ పైయేడు జబ్బు చేసింది. చిన్నప్పటి నుంచి మిరపకాయల తొడిమలు తీసి పెరిగిన మనిషి. ఆ ఘాటంతా లోపల పేరుకుందేమోనన్నాడు డాక్టరు, ఖాయంగా చెప్పలేమన్నాడు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నది మాత్రం ఖాయం. గుంటూరులో పద్దెనిమిది రోజులున్నాం. చివరి ఆరు రోజులూ గొంతులో గొట్టం. అంకమ్మ ఒక్క మాటా మాట్లాడకుండా పోయింది. పోయిన దానికంటే నాకు అదే ఎక్కువ బాధ.

తర్వాత ఇంట్లో నిశ్శబ్దం ఎట్లా ఉండేదో చెప్పటం కష్టం. షాపులో పగలంతా మోటార్ల చప్పుడుంటుంది, ఫరవాలేదు. అన్నానికి లోపలికి పోవాలంటేనే భయం. కుక్కరు విజిలు వేస్తే దానికి బదులు చెప్పే మనిషి లేదు. నేనే ఒకటి రెండుసార్లు ఏదో అన్నాను గానీ, మగగొంతుతో వంటింట్లో ఒంటరిగా మాట్లాడుకుంటుంటే నాకే పిచ్చెక్కిందేమోననిపించి మానేశాను. అప్పుడు ఫోనులో ఆ సినిమా పెట్టుకోవటం మొదలుపెట్టాను. కంచంలో అన్నం పెట్టుకుని, గంటా పన్నెండో నిమిషానికి జరిపి, ఆమె పిలిచాక మొదటి ముద్ద తినేవాణ్ణి. రెండేళ్లకు పైగా అదే నా భోజనం. ఎవరికీ చెప్పలేదు, ఒక్క కుల్సుంకి తప్ప.

పోయిన శీతాకాలం ఒకరోజు ఆ సినిమా ఫోనులోంచి మాయమైంది. నెల తిరక్కముందే వేరే యాప్‌లో వచ్చింది. బొమ్మ మెరుగుపరిచాం, శబ్దం కొత్తగా శుభ్రం చేశాం అని పైన రాశారు. నేను సంతోషంగా కంచం పెట్టుకుని కూర్చున్నాను. హీరో గుటకలు మింగాడు. హీరోయిన్ చూసింది. కిటికీ బయట మాదాపూర్ మెరిసింది. కేక లేదు. వెనక్కి జరిపాను, ముందుకి జరిపాను, సౌండు నిండా పెంచాను. కుల్సుం ఇంటికి పోయి వాళ్ల టీవీలో పెట్టించాను. లేదు. ఆ చోట సన్నగా వయొలిన్ పెట్టారు. శుభ్రం చేశారు గదా.

కుల్సుం నా వంక చూసి, "ఆళ్లని తిట్టి ఏం లాభమన్నా? ఆమెని పన్నెండు దినాలు నోరెత్తనీకుండా చేసింది ఎవరు? మొదలెట్టింది నువ్వు, ఆళ్లు పూర్తి చేశారు" అంది. కుల్సుం మాటలు ఆమె కారం లాగే ఉంటాయి. కల్తీ ఉండదు. నేను ఇంటికొచ్చి ఆ రోజు అన్నం తినలేదు.

అట్లాంటి రోజుల్లో వచ్చింది లిఖిత.

ఒక శనివారం పదకొండు గంటలప్పుడు షాపు ముందు బ్యాగు తగిలించుకుని ఒక అమ్మాయి నిలబడి మేడ వంక చూస్తోంది. పాతికేళ్లుంటాయి. చేతిలో ఫోను, ఫోనులో మా కిటికీ. పైకి చూస్తుంది, ఫోను చూస్తుంది, మళ్లీ పైకి చూస్తుంది.

"ఏందమ్మా, ఎవరు గావాల?" అన్నాను.

"అంకుల్, ఈ విండో... ఇది ఆ సినిమాలో హీరోయిన్ రూమే కదా?" అంది. గొంతులో దొంగ దొరికినంత సంబరం.

హైదరాబాదు నుంచి వచ్చిందట. వాళ్ల అమ్మమ్మది మాచర్ల. ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో సినిమాలు తీసిన అసలు చోట్లకి పోయి వీడియోలు తీసి పెడుతుందట. సినిమాలో ఇట్లా ఉంది, నిజంగా ఇట్లా ఉంది అని పక్కపక్కన చూపిస్తుంది. ఈ సినిమాలోవి పదకొండు చోట్లు కనిపెట్టింది. బెంచీ, మెట్రో మెట్లు, కాఫీ హోటలు, పుస్తకాల కొట్టు, వానలో తడిసిన బస్టాపు. గది ఒక్కటే దొరకలేదు. మాదాపూర్ సందులన్నీ రెండు నెలలు తిరిగింది. చివరికి ఎవరో కామెంటు పెట్టారట, అది మా పేటలో మోటార్ల వెంకటప్పయ్య ఇల్లు గదా అని.

"ఎవరితో వచ్చావమ్మా?"

"ఒక్కదాన్నే అంకుల్. ఎప్పుడూ ఒక్కదాన్నే పోతా." బ్యాగు సర్దుకుని, "ఆ బెంచీ దగ్గరికి అందరూ జంటలుగా వస్తారు. నేను ట్రైపాడ్ పెట్టుకుని కూర్చుంటా. ఫొటో తీయమని నాకే ఫోనులిస్తారు" అని నవ్వింది. ఆ నవ్వు నాకు అర్థమైంది. నేనూ అట్లాంటిదే నవ్వుతుంటాను, ఎవరైనా ఇంట్లో అంతా కులాసానా అని అడిగినప్పుడు.

అయినా నా బుద్ధి పోనిస్తానా. "పైకి పోనిస్తా. కానీ నాకో పని జేసిపెట్టాల" అన్నాను.

గంటా పన్నెండో నిమిషం సంగతి మొత్తం చెప్పాను. పరాయి పిల్లకి అంత ఎందుకు చెప్పానో తెలియదు. ఆమె మధ్యలో ఒక్కసారీ ఫోను చూడలేదు. చెప్పటం అయ్యాక, "పాత వెర్షన్ ఎక్కడో ఒకచోట ఉంటుంది అంకుల్" అంది. అక్కడే షాపు స్టూలు మీద కూర్చుని వెతకటం మొదలుపెట్టింది. ఎవరెవరికో ఫోన్లు చేసింది. డైరెక్టరు ఎత్తలేదు. సినిమా తీసిన ఆఫీసు ఎత్తేశారు. హార్డ్ డిస్కులన్నీ చెరిపి వేరే సినిమాకి వాడుకున్నారని అక్కడ పనిచేసిన ఒకతను చెప్పాడు. దొంగ కాపీలు కూడా వెతికింది. దొరికిన రెండిటిలోనూ హాల్లో జనం గోలే తప్ప ఇంకేం లేదు. ఒంటిగంట దాటింది. ఆ పిల్ల ముఖం చూస్తే నాకే జాలేసింది.

"పోనీలేమ్మా. పైకి పోయి నీ వీడియో తీసుకో. ఆ షరతు లేదు, గిరతు లేదు" అన్నాను.

ఆమె పైకి పోయింది. ఎంతసేపటికీ దిగిరాకపోతే నేనూ వెళ్లాను. కిటికీ తలుపులు తీసి, గోడౌను వంకా కొండ వంకా చూస్తూ ఊరికే నిలబడి ఉంది. కెమెరా ఆన్ చేయలేదు.

"సినిమాలో కన్నా ఇదే బాగుంది అంకుల్. కొండ ఎందుకు తీసేశారో" అంది.

"అమ్మాయి నవ్వటానికి కొండ సాలదనుకున్నారేమో" అన్నాను. పప్పు, గోంగూర పచ్చడి ఉంటే అన్నం పెట్టాను. చానా కాలానికి ఆ ఇంట్లో ఇంకో కంచం చప్పుడయింది. పోతూ పోతూ ఎలీషా పేరు రాసుకుని వెళ్లింది. నేను మాత్రం ఏమీ ఆశపెట్టుకోలేదు. అబద్ధం. పెట్టుకున్నాను. రోజుకి పదిసార్లు ఫోను చూసుకున్నాను.

పదకొండో రోజు ఎలీషా నుంచే ఫోను వచ్చింది. చెన్నైలో ఉన్నాడట. నన్ను గుర్తుపట్టాడు, అంకమ్మ పోయిందని లిఖిత చెబితే బాధపడ్డానన్నాడు.

"అన్నా, నటులు మాట్టాడినయ్యన్నీ వాళ్లకే ఇచ్చేశాను. నా కాడ ఏదీ ఉంచుకోగూడదు, రూలది. ఒక్కటే మిగిలింది, నీకు పనికొచ్చిద్దో లేదో. రూమ్ టోన్."

"అంటే ఏందయ్యా?"

"ప్రతి గదికీ ఒక నిశ్శబ్దం ఉంటదన్నా. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. మాటల మధ్య అతకటానికి కావాల. అందుకని షూటింగ్ అయినాక అందర్నీ కదలకుండా నిలబెట్టి, ఉత్త గదిని ఒక నిమిషం రికార్డు జేస్తాం. మీ ఇంట్లో ఆఖరి రోజు రెండుసార్లు జేశాను. రెండోది వాళ్లు తీసుకున్నారు. మొదటిది చెడిపోయింది గాబట్టి నా కాడే ఉండిపోయింది."

నాకు ఒళ్లు మండింది. "నిశ్శబ్దం నాకెందుకయ్యా? ఇల్లంతా అదే గదా ఉంది" అన్నాను. మళ్లీ నేనే, "నిశ్శబ్దం గూడా చెడిపోద్దా?" అన్నాను.

"ఎవరన్నా దగ్గుంటారన్నా. ఐదేళ్లయింది, గుర్తులేదు. పంపిస్తా, విను. నచ్చకపోతే తీసెయ్."

సాయంత్రానికి పంపాడు. నేను ఆ పూట వినలేదు. కోపంతో కాదు. వినేశాక ఇక ఎదురుచూడటానికి ఏమీ ఉండదు, అందుకు. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి, మోటార్ల మధ్య స్టూలు మీద కూర్చుని, చెవుల్లో పెట్టుకుని నొక్కాను.

ముందు ఎలీషా గొంతు. "రూమ్ టోన్. అందరూ ఎక్కడోళ్లు అక్కడే. ఒక్క నిమిషం ఊపిరి గూడా మెల్లగా."

తర్వాత ఏమీ లేదు. గది. మా మేడ మీది గది.

అప్పుడు నాకు ఆ రోజు గుర్తొచ్చింది. కింద ఎవరు తిరిగినా పైకి వినపడుతుందని, ఇంట్లో అందర్నీ ఆ గదిలోకే రమ్మన్నాడు ఎలీషా. అంకమ్మ పొయ్యి దగ్గర ఉంటే నేనే చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి తీసుకొచ్చాను. తలుపు పక్కన, నా ఎడమ పక్కన నిలబెట్టాను. మాట్లాడితే చూడు అన్నట్టు వేలు చూపించాను. అంటే ఈ నిశ్శబ్దంలో ఆమె ఉంది. నేను సౌండు పెంచాను.

గోడౌనులో హమాలీ మిరపకాయల టిక్కీ బస్తా ఒకటి దించాడు. పావురం రెక్కలు కొట్టుకుంది. ఎవరి బూటో కిర్రుమంది. దగ్గరలో, బాగా దగ్గరలో, గాజులు ఒకదానికొకటి తగిలి ఆగాయి. ఆగాయి గదా అనుకుంటుండగా ఇంకొకటి వినపడింది. ఊపిరి. మెట్లెక్కి వచ్చిన మనిషి ఊపిరి. వదిలే ప్రతిసారీ చివర్లో సన్నగా ఒక కూత.

ఆ కూత నాకు తెలుసు. గుంటూరులో గొట్టం పెట్టేదాకా పన్నెండు రోజులు విన్నాను. ఆస్పత్రికి తీసుకెళ్లటానికి రెండేళ్ల ముందే అది ఉంది. నా ఎడమ చెవికి మూరెడు దూరంలో ఉంది. మోటారు తిప్పి బేరింగు చెప్పే మొనగాణ్ణి, నాకు వినపడలేదు. నేను ఆ రోజు వీధిలో కుక్కల కోసం వింటున్నాను.

ఏడుపొచ్చింది. ఆపుకున్నాను, ఏడిస్తే వినపడదని.

నలభై ఏడో సెకను దగ్గర, గుసగుసగా, నవ్వు ఆపుకుంటూ, నా చెవిలోనే అన్నట్టు అంది.

"ఏమయ్యో, ఇంక మాట్టాడొచ్చా?"

వెంటనే ఒక మగగొంతు, "ష్ష్!"

ఆ గొంతు నాదే. చెడగొట్టింది ఎవరో దగ్గి కాదు, మేమిద్దరం. ఆ తర్వాత ఇంకో పదమూడు సెకన్లున్నాయి. గాజుల చప్పుడు లేదు. ఊపిరి కూడా దాదాపు లేదు, బిగబట్టినట్టుంది. ముప్పై ఒక్క ఏళ్లలో నా మాట ఎన్నడూ వినని మనిషి, ఆ పదమూడు సెకన్లు విన్నది.

"మాట్టాడవే అంకమ్మా, మాట్టాడు" అన్నాను పైకే. అప్పటికి నిమిషం అయిపోయింది.